మేము మూడో జోన్ మనుషులమట

నా మెడలో గడ్డ ఉందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మా వీధిలో జాకెట్లు కుట్టే పద్మక్క. జూన్‌లో బడులు తెరిచే ముందు రెండు జాకెట్లకు కొలతలు ఇద్దామని వెళ్లాను. మెడ దగ్గర టేపు పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. "టీచరమ్మా, ఈడ ఏందో గట్టిగ తాకుతాంది. దవాఖానల సూపిచ్చుకో" అంది. కుడివైపు, గొంతు గుంటకు కాస్త పైన, రేగుపండంత ఉంది. చేత్తో తడిమి చూసుకుని, చలికి ఉబ్బిందేమో అనుకున్నాను. జూన్‌లో చలేమిటన్నది నాకు అప్పుడు తట్టలేదు. మనసు తనకు కావలసిన కారణం తనే వెతుక్కుంటుంది.

నా పేరు సునీత. మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెప్తాను. పుట్టింది నెల్లికుదురు పక్కన ఒక తండాలో. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, బడిలో చెప్పేది తెలుగు. చిన్నప్పుడు నా తెలుగు విని నవ్వినవాళ్లు ఎందరో. అందుకే ఇప్పుడు నా గొంతంటే నాకు కొంచెం పొగరు. పద్యం ఎత్తుకుంటే పక్క సెక్షన్ పిల్లలు కూడా అల్లరి ఆపేవాళ్లు. మా ఆయన వీరన్న భూపాలపల్లిలో బొగ్గు గని దగ్గర ఒక కాంట్రాక్టరు కింద డంపర్ నడుపుతాడు. పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. మాకు ఒక్కతే కూతురు, ఇంటర్ చదువుతోంది.

గడ్డ బయటపడే నాటికి మాకు ఒక ఆరోగ్య బీమా పాలసీ ఉంది. మా పేరు మీద రేషన్ కార్డు లేదు. కొత్తదానికి పెట్టిన దరఖాస్తు ఎప్పుడు కదులుతుందో తెలియదు. కార్డు లేనివాళ్లకు సర్కారు పథకం కింద ఉచిత ఆపరేషన్లు ఉండవు. వీరన్నతో పనిచేసే ఒకతను కాలు విరిగి, ఉన్న ఎకరం అమ్ముకున్న ఏడాది నేను భయపడి పాలసీ తీసుకున్నాను. ఇచ్చింది యాకూబన్న. ఆయనది జఫర్‌గఢ్. జనగామలో బస్టాండు దగ్గర జిరాక్సు షాపు, దాంతోపాటు బీమా ఏజెన్సీ. నేను బీఎడ్ చదివే రోజుల నుంచి ఆయన నన్ను చెల్లె అనే పిలుస్తాడు.

ఆ రోజు ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. "మన జిల్లాలకు రేటు తక్కువ చెల్లె. పట్నంల ఉన్నోళ్లకు ఇదే పాలసీ ఎక్కువ పడ్తది. మనది మూడో జోన్." దేశాన్ని మూడు జోన్లుగా విడగొట్టారట. పెద్ద నగరాలు మొదటిది, మధ్యస్థం రెండోది, మాలాంటి జిల్లాలు మూడోది. ఏడాదికి పదహారు వేల ఎనిమిది వందలు. నా జీతం అప్పుడు నెలకు పదమూడున్నర వేలు. నెల జీతం మొత్తం పోయి ఇంకా తక్కువే పడుతుంది. అయినా, వెనకబడ్డ జిల్లాలో ఉన్నందుకు జీవితంలో మొదటిసారి ఒక లాభం దొరికిందని నవ్వుకుంటూ సంతకం పెట్టాను. వీరన్నకు మాత్రం నచ్చలేదు. రోగం వస్తేనే తిరిగొచ్చే డబ్బు కోసం రోగం లేనప్పుడు కట్టడమేమిటని అతని వాదన. మొదటి ఏడాది ఎవరికీ జ్వరం కూడా రాకపోయేసరికి ఆ వాదనకు బలమొచ్చింది. రెండో ఏడాది కట్టేటప్పుడు నేను అతనికి చెప్పకుండానే కట్టాను.

జులైలో నా గొంతు బొంగురుపోయింది. హాజరు పిలుస్తుంటే సగం పేర్ల దగ్గర ఆగి నీళ్లు తాగాల్సి వచ్చేది. మానుకోట డాక్టరు (మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం) స్కానింగు రాశాడు. స్కానింగు చూసి హనుమకొండ పంపాడు. అక్కడ గడ్డలోకి సన్నని సూది గుచ్చి పరీక్షకు తీసుకున్నారు. రిపోర్టు రావడానికి ఆరు రోజులన్నారు.

ఆ ఆరు రోజులు నేను మామూలుగానే బడికి వెళ్లాను. తొమ్మిదో తరగతికి సంధులు చెప్పాను. పిల్లలు తప్పులు రాస్తే దిద్దాను. కానీ అన్నం మింగేటప్పుడు ప్రతి ముద్దా ఆ గడ్డను దాటుకుని వెళ్తున్నట్టు అనిపించేది. రిపోర్టు తెచ్చుకోవడానికి మా యాడిని తోడు తీసుకుని వెళ్లాను. అమ్మను మేము యాడి అంటాం. మిరప తోటల్లో కూలికి వెళ్లే మనిషి, చదువు లేదు. డాక్టరు కాగితం మడిచి, నా కళ్లలోకి చూడకుండా, పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ జరిపాడు. అప్పుడే నాకు అర్థమైంది. క్యాన్సరే, థైరాయిడ్ గ్రంథిలో. నిదానంగా పెరిగే రకమని, తీసేస్తే బతుకుతావని, భయపడొద్దని చెప్పాడు. ఆ మంచి మాటలన్నీ నాకు మరుసటి రోజు గుర్తొచ్చాయి. ఆ పూట వినబడింది మొదటి మాట ఒక్కటే.

డాక్టరు ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాడు. గడ్డ గొంతు నరాన్ని ఆనుకుని ఉంది. ఆ నరం తెగితే మాట పోతుంది. నరాన్ని యంత్రంతో కనిపెట్టుకుంటూ ఆపరేషన్ చేసేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారని, నువ్వు టీచరువి కాబట్టి అక్కడికి వెళ్లడం మేలని పేరు రాసిచ్చాడు.

ఆ ఆదివారం వీరన్న వచ్చాడు. మా మాటలన్నీ ఇంటి భాషలోనే జరిగాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వీరన్న రిపోర్టు తీసి చూశాడు. గడ్డ హనుమకొండలో కూడా తీస్తారు కదా, అంత దూరం, అంత ఖర్చు ఎందుకన్నాడు. నరం సంగతి చెప్పాను.

"పాణం ముఖ్యమా, గొంతు ముఖ్యమా?" అన్నాడు.

"నాకు రెండూ కావాలె" అన్నాను.

ఆ మాట అతనికి పొగరులా వినిపించిందని ముఖం చూస్తే తెలిసింది. నాకూ కోపమొచ్చింది. డంపర్ నడిపేవాడికి చెయ్యి పోతుందంటే ఇదే ప్రశ్న అడుగుతారా? అనలేదు. అప్పటికి ఇద్దరం భయంతోనే మాట్లాడుతున్నామని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు రైలు టికెట్లు అతనే తీసుకొచ్చాడు.

ఆగస్టులో హైదరాబాద్ వెళ్లాం. ఆ ఆసుపత్రి పేరు నేను రాయను. అక్కడ ఆపరేషన్ చేసిన చేతులు బంగారం లాంటివి. కౌంటర్ల సంగతి వేరు. బీమా కౌంటరు ముందు వరుసగా ఇనుప కుర్చీలు. అందులో కూర్చున్నవాళ్లను చూస్తే రోగమేదో చెప్పలేం గానీ బీమా ఉన్నదీ లేనిదీ చెప్పగలం. ఉన్నవాళ్లు ఫోన్లు చూస్తుంటారు, లేనివాళ్లు ఫోన్లు చేస్తుంటారు. నేను ఫోను చూస్తూ కూర్చున్నాను. మాది నగదు కట్టే పని లేకుండా నేరుగా కంపెనీయే చెల్లించే పాలసీ. వీరన్న కూడా ఆ రోజు మొదటిసారి, మంచిదే చేశావు, అన్నాడు.

చేర్చుకునేటప్పుడు ఒక జూనియర్ డాక్టరమ్మ వచ్చి వివరాలు రాసుకుంది. వేరే రాష్ట్రం అమ్మాయి, తెలుగు అరకొర. గడ్డ ఎప్పటినుంచి అని అడిగితే వీరన్న "రెండు నెలల సంది" అన్నాడు. ఆమె రాసుకుంది. ఆ ఒక్క మాట మమ్మల్ని ఆరు నెలలు తిప్పుతుందని ఎవరికి తెలుసు.

మరుసటి రోజు ఉదయం ఆపరేషన్. ఆకుపచ్చ గౌను వేసి, చేతికి సూది పెట్టి, స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక బీమా కౌంటరు మనిషి వచ్చి వీరన్నను పక్కకు పిలిచాడు. కంపెనీ కాదన్నది. పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బును దాచారని కారణం. ఎనభై వేలు కడితే లోపలికి తీసుకెళ్తామని, లేదంటే ఇంకో తేదీ ఇస్తామని చెప్పాడు.

నేను పడుకునే వింటున్నాను. లేచి కూర్చుని, వెనక్కి పోదాం అన్నాను. నిజంగానే అన్నాను. అప్పుడు వీరన్న నా భుజం పట్టుకుని పడుకోబెట్టాడు. "నువ్వు లేవకు" అన్నాడు. కారిడార్‌లో గోడకు ఆనుకుని తోటి డ్రైవర్లకు ఒక్కొక్కరికి ఫోన్ చేశాడు. తన గురించి ఎవరినీ ఎప్పుడూ ఏమీ అడగని మనిషి. భూపాలపల్లిలో షిఫ్టు దిగి టీ తాగుతున్నవాళ్లు తలా కొంత పంపారు. గంటంబావులో డబ్బు జమైంది. అతను తిరిగొచ్చి కౌంటరు మనిషితో, "చెయ్యుర్రి. గొంతు మాత్రం జర పైలంగ చూడుర్రి, ఆమె టీచరు" అన్నాడు. కౌంటరు మనిషికి గొంతుతో ఏం సంబంధం? అయినా ఆయనకే చెప్పాడు. నాకు అప్పుడు కన్నీళ్లు వచ్చాయి, రోగానికి కాదు.

మెలకువ వచ్చాక నీళ్లు అడుగుదామంటే శబ్దం రాలేదు. గాలి మాత్రం వచ్చింది. నరం తెగలేదు గానీ బాగా అలసిపోయిందని, ఆరు నెలల్లో కోలుకోవచ్చని, కోలుకోకపోవచ్చని సర్జన్ చెప్పాడు. వార్డు తుడిచే ఆయా నా అవస్థ చూసి, తన అన్నం డబ్బాలోంచి స్టీలు చెంచా తీసి మంచం పక్కన పెట్టింది. పిలవాలంటే మంచం కడ్డీ మీద కొట్టమంది. నాలుగు రోజులు అదే నా గొంతు. తోడుగా వచ్చిన మా యాడి మాత్రం నేను కొట్టకముందే లేచి వచ్చేది.

మిగిలిన బిల్లు అప్పు చేసి కట్టి వచ్చాం. సెప్టెంబరు చాలావరకు ఇంట్లోనే. బడి వాళ్లు జీతం లేని సెలవిచ్చారు. గొంతు మీద హారంలా ఎర్రటి గీత. మాట గుసగుసే. వచ్చిన చుట్టాలు నేను చెవిటిదాన్ని కూడా అయినట్టు గట్టిగా అరిచి మాట్లాడేవారు.

కంపెనీకి ఫోన్ చేస్తే యంత్రం పలికేది. తెలుగుకు రెండు నొక్కమనేది. నొక్కితే, మీ సమస్యను చెప్పండి అనేది. నేను చెప్పేదాన్ని. మీ సమాధానం మాకు వినపడలేదు అని, మూడోసారికి కట్ చేసేది. నా కూతురు మాట్లాడితే, పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్లే మాట్లాడాలన్నారు. ఆవిడకు గొంతు ఆపరేషన్ అయిందని అమ్మాయి చెప్పింది. అర్థమైంది మేడం, ఆవిడకు ఫోన్ ఇవ్వండి అన్నారు. నవ్వొచ్చింది. ఆపరేషన్ తర్వాత నేను నవ్వింది అప్పుడే. నవ్వుకు కూడా శబ్దం లేదు.

ఇక మాటతో కాదు, చదువుతో చూద్దామనుకున్నాను. ఇరవై ఏళ్లుగా జవాబు పత్రాలు దిద్దుతున్నదాన్ని. ఎర్ర పెన్ను పట్టుకుని ఆసుపత్రి ఇచ్చిన కాగితాల కట్ట మొత్తం చదివాను. తెలియని ఇంగ్లీషు మాటలు నా కూతురు ఫోన్‌లో చూసి చెప్పేది. పదకొండో పేజీలో దొరికింది. మెడ వాపు, రెండు సంవత్సరాల నుంచి. నెలలు అని ఉండాల్సిన చోట సంవత్సరాలు. మా పాలసీ వయసు అప్పటికి ఏడాది పది నెలలు. రెండేళ్లంటే పాలసీకి రెండు నెలల ముందునుంచీ గడ్డ ఉన్నట్టు. అంటే నేను దాచి పాలసీ కొన్నట్టు. అబద్ధాలకోరునన్న మాట.

క్యాన్సరని విన్నప్పుడు కూడా నాకు అంత కోపం రాలేదు. ఆ పేజీ చూశాక మాత్రం మంచం దిగి, చీర మార్చుకుని, చెప్పులు వేసుకున్నాను. ఎక్కడికని కూతురు అడిగితే నాకే తెలియలేదు. కానీ మళ్లీ పగటిపూట మంచం ఎక్కలేదు.

ఆ నెలాఖరుకు మళ్లీ హైదరాబాద్ వెళ్లాం. ఆసుపత్రిలో రికార్డుల విభాగం వాళ్లు ఒకసారి రాసింది మార్చడం కుదరదన్నారు. రెండు రోజులు తిరిగాం. మూడో రోజు క్యాంటీన్ దగ్గర ఆ జూనియర్ డాక్టరమ్మ కనబడింది. నేను నోట్‌బుక్‌లో ఇంగ్లీషులో రాసి చూపించాను. చదివి తెల్లబోయింది. తప్పు చేశానంటే పైవాళ్లు ఏమంటారో అన్న భయం ఆమె ముఖంలో స్పష్టంగా కనబడింది. ఇరవై అయిదేళ్లు కూడా ఉండవు. నేను బతిమాలలేదు. పద్మక్క కొలతలు రాసుకునే పుస్తకంలో నా పేరు పక్కన మెడలో గడ్డ అని, జూన్ తేదీ వేసి రాసి ఉంది, మానుకోట డాక్టరు చీటీ ఉంది, రెండూ ఆమె ముందు పెట్టాను. ఆమె కూర్చుని, టీ చల్లారిపోతుండగా, నేను పొరపాటున సంవత్సరాలని రాశాను, రోగి వాళ్లు చెప్పింది నెలలే అని ఉత్తరం రాసి, సంతకం చేసి, సర్జన్ దగ్గరికి తానే వెళ్లి ముద్ర వేయించుకుని తెచ్చింది. ఆ అమ్మాయికి ఏం మాట పడిందో నాకు తెలియదు. ఇప్పటికీ తలచుకుంటాను.

అక్టోబరులో రెండు పనులు ఒకేసారి వచ్చాయి. ఒకటి, ఉత్తరంతో హనుమకొండ బ్రాంచి ఆఫీసుకు వెళ్లడం. రెండు, పాలసీ మళ్లీ కట్టాల్సిన గడువు. ఈ రెండో దాని దగ్గర మా ఇంట్లో పెద్ద గొడవైంది. మనల్ని దొంగలన్నవాళ్లకు మళ్లీ పైసలు కడ్తవా అని వీరన్న. అతని కోపంలో న్యాయం ఉంది. కానీ నేను నిబంధనలు చదివి ఉన్నాను. గడువు దాటితే పాలసీ పోతుంది. క్యాన్సర్ వచ్చిన మనిషికి కొత్త పాలసీ ఇచ్చేవాళ్లు దొరకడం గగనం. వదిలేస్తే వాళ్లకే సుఖం. నోట్‌బుక్‌లో ఇదంతా రాసి అతని ముందు పెట్టాను. చదివి, పుస్తకం మూసి, బయటికి వెళ్లిపోయాడు. నా చెవికమ్మలు తాకట్టు పెట్టి నేనే కట్టాను.

బ్రాంచి ఆఫీసుకు యాకూబన్న కూడా వస్తానన్నాడు. రావద్దన్నాను, ఆయన బతుకు ఆ కంపెనీ మీదే. ఆయన వినలేదు, జనగామలో షాపు మూసి పొద్దున బండికే వచ్చాడు. మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి, వీరన్నతో, యాకూబన్నతో మాట్లాడుతున్నాడు. ఫైలు పైకి పంపామని, చూస్తారని, ఆవిడకు చెప్పండని. ఆ ఆవిడ నేనే, ఎదురుగానే ఉన్నాను. మాట లేనందుకు మనిషే లేనట్టు. నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసి బల్ల మీదుగా ఆయన వైపు తిప్పాను: "పాలసీ నాది. నన్ను చూసి చెప్పండి."

ఆయన చూశాడు. ఆ తర్వాత ప్రతి మాటా నాతోనే మాట్లాడాడు. నేను రాసేదాకా ఆగాడు కూడా. ఆయన చెడ్డవాడని నేననను. అలా అలవాటు పడ్డాడు, అంతే. ఏజెంటు సరిగ్గా వివరాలు తీసుకోకపోతే ఇలాగే అవుతుందని ఆయన అన్నప్పుడు యాకూబన్న లేచి నిలబడ్డాడు.

"సార్, పాలసీ అమ్మింది నేను. ఆనాడు ఈ చెల్లె మెడ మీద ఏం లేదు. గా మాట నేను రాసిస్త. నా ఏజెన్సీ తీసేస్తె తీసేయుర్రి" అన్నాడు.

రాసిచ్చాడు కూడా. ఆ ఉత్తరం, డాక్టరమ్మ ఉత్తరం, పద్మక్క పుస్తకంలో పేజీ జిరాక్సు, నా ఫిర్యాదు అన్నీ కలిపి ఇచ్చాం. ముట్టినట్టు ముద్ర వేసి ఇవ్వమన్నాను. ముద్ర వేసే మనిషి భోజనానికి వెళ్లాడన్నారు. వచ్చేదాకా ఉంటామని రాశాను. రెండు గంటలు కూర్చున్నాం. ముద్ర పడింది.

డిసెంబరులో ఒక పొద్దున స్నానానికి నీళ్లు తోడుకుంటుంటే బకెట్ కాలి మీద పడి అరిచాను. అరుపు వినబడింది. ముసలి మగవాడి గొంతులా ఉంది, కానీ గొంతే. యాడి పరిగెత్తుకొచ్చి దెబ్బ సంగతి అడగలేదు. మళ్లీ అరవమంది.

జనవరిలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. క్లెయిము ఒప్పుకున్నారు. దాచారన్న మాట వెనక్కి తీసుకున్నారు. లక్షా డెబ్బై వేలకు లెక్క తేల్చి, అందులో ఇరవై శాతం, అంటే ముప్పై నాలుగు వేలు కోసుకుని మిగతాది పంపారు. కారణం ఒక వాక్యం. మూడో జోన్ ధరకు పాలసీ కొన్నవారు మొదటి జోన్‌లో వైద్యం చేయించుకుంటే అయిదో వంతు వారే భరించాలి.

మాకు రేటు తక్కువ ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. యాకూబన్నకు ఫోన్ చేస్తే ఆయన పాలసీ కాగితాలు తీసి, ముప్పై ఎనిమిదో పేజీలో ఆ వాక్యం దొరికేదాకా తిప్పాడు. "నేను సుత సదువలే చెల్లె" అన్నాడు. ఎన్నో ఇళ్లకు అమ్మాడు అదే పాలసీని. తర్వాత ఆ ఇళ్లన్నిటికీ తిరిగి వెళ్లి ఈ సంగతి చెప్పాడు. కొందరు తిట్టారు. తిట్టించుకున్నాడు.

నేను మళ్లీ కంపెనీకి ఫోన్ చేశాను. ఈసారి యంత్రానికి నా సమాధానం వినబడింది. మర్యాదగా మాట్లాడే ఒక అమ్మాయి లైన్లోకి వచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల్లో మీ జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో గొంతు నరం చూసుకుంటూ ఈ ఆపరేషన్ చేసేది ఒక్కటి చెప్పమన్నాను. ఆమె వెతికింది. కీబోర్డు టకటకలు వినబడ్డాయి. లేదు మేడం అంది.

"అంటే నా రోగానికి నా జోన్‌లో వైద్యం లేదు. ఉన్న జోన్‌కు పోతే కోత పడ్తది. మరి మాకు తక్కువ చేసింది దేనికమ్మా?"

నేను బడి తెలుగులోనే మొదలుపెట్టాను. కోపం పెరిగేసరికి మా ఊరి మాట వచ్చేసింది. సర్దుకోలేదు. ఆ అమ్మాయి, నిబంధన అలా ఉంది మేడం, నాకూ అర్థమవుతోంది అంది. ఆమె మీద నాకు కోపం లేదని కూడా చెప్పాను.

బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు రాశాను. ఉచితమే, వకీలు అక్కర్లేదు. వేసవి సెలవుల్లో వీడియోలో విచారణ జరిగింది. నా బొంగురు గొంతుతో నేనే వాదించుకున్నాను. ఓడిపోయాను. నిబంధన పాలసీలో రాసి ఉంది, నేను సంతకం పెట్టాను, కాబట్టి కోత చెల్లుతుందన్నారు. గెలిచానని రాయగలిగితే బాగుండేది. కానీ ఇది చదివేవాళ్లకు నిజం కావాలి. తీర్పు విన్న రోజు వీరన్న భూపాలపల్లి నుంచి ఫోన్ చేసి, వాదిస్తున్నప్పుడు నీ గొంతు ఎక్కడైనా ఆగిందా అని అడిగాడు. ఆగలేదన్నాను. ఇగ చాలన్నాడు.

ఆపరేషన్ జరిగి ఇప్పటికి పద్నాలుగు నెలలు. తాజా పరీక్షల్లో ఏమీ లేదు. రోజూ పొద్దున్నే ఒక మాత్ర. పద్యం ఎత్తుకోలేను, చదువుతాను. పిల్లలు మొదటి వారం నవ్వారు, రెండో వారానికి అలవాటుపడ్డారు. ఈ అక్టోబరులో పాలసీ కట్టే సమయానికి వేరే కంపెనీలను అడిగాను. నా రోగం పేరు వినగానే ఇద్దరు వద్దన్నారు, మూడో వాళ్లు జవాబే ఇవ్వలేదు. పాత కంపెనీలోనే మొదటి జోన్‌కు మారాను. వయసు కూడా ఒక మెట్టు ఎక్కిందట, మొత్తం ఇరవై మూడు వేల రెండు వందలు. ఈసారి వీరన్న, నేను చెరిసగం వేసుకున్నాం. ఇద్దరం కూర్చుని నలభై రెండు పేజీలూ చదివాకే కట్టాం.

నెలకో ఆదివారం బడిలో ఒక గది అడిగి తీసుకున్నాను. ఎవరి పాలసీ వాళ్లు తెచ్చుకుంటే చదివి అర్థం చెప్తాను. మొదటిసారి నలుగురు వచ్చారు, పోయిన నెల గది సరిపోలేదు. పెద్దవంగర నుంచి ఒక మిరప రైతు వచ్చి, నా మాటలన్నీ విని, కొనాల్నా వద్దా ఒక్క మాటల చెప్పక్కా అన్నాడు. ఒక్క మాటలో చెప్పలేనన్నాను. సర్కారు కార్డు ఉంటే ముందు దాంతో ఏమేం వస్తాయో కనుక్కో. కొంటే, నీకు రోగమొస్తే ఏ ఊరి దవాఖానకు పోతావో ఆ ఊరి జోన్‌కు కొను. గది కిరాయి మీద హద్దుందా, నీ వాటా ఎంత, వయసు పెరిగితే ఎంత పెరుగుతుంది, ఈ మూడూ నోటితో కాదు, పేజీ తీసి చూపించమను. దవాఖానలో చేరేటప్పుడు వాళ్లు రాసుకున్నది నీ ముందు చదివించుకో. సంతకం ఆ తర్వాత. ఆయన ఇవన్నీ తన ఫోన్‌లో కూతురితో టైపు చేయించుకుని వెళ్లాడు.

పోయిన వారం బ్రాంచి ఆఫీసు నుంచి కొత్తగా వచ్చిన సేల్స్ ఆఫీసరు ఫోన్ చేశాడు. మర్యాదగానే మొదలుపెట్టాడు. మీరు చేస్తున్నది మంచి పనే మేడం అన్నాడు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. ఒకప్పుడు పావుగంటలో సంతకం పెట్టేవాళ్లు ఇప్పుడు పూట పూటంతా కూర్చోబెడుతున్నారట, పేజీ నంబర్లు అడుగుతున్నారట, ఏజెంట్లు ఆ ఊళ్లకు వెళ్లనంటున్నారట.

"మీ దిక్కోళ్లు ప్రశ్నలు ఎక్కువ అడుగుతున్నరు మేడం" అన్నాడు.

"ఇంకా ఎక్కువ అడుగుతరు" అన్నాను.

నా గొంతు ఇప్పటికీ గరగరగానే ఉంటుంది, ఫోన్‌లో చాలామంది మళ్లీ చెప్పమంటారు. ఆయన మళ్లీ చెప్పమని అడగలేదు.